తాకట్టు లేనివాడికి అప్పెవరిస్తారు?

(సంఘం అధ్యయన తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో మాకు ఇచ్చిన అంశం "అప్పు, వడ్డీ, పేదరికం". మన ఊళ్లలో అప్పులెట్లా ఉన్నాయో మేం వచ్చి మీకు చెప్పనక్కర్లేదు. ఆ సంగతి మాకంటే మీకే బాగా తెలుసు. అందుకని ఈ రోజు కొంచెం దూరం పోదాం. 1450 నుంచి 1800 దాకా యూరప్‌లో, అంటే ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్సు, జర్మనీ, ఇంగ్లండు పల్లెల్లో, అప్పు ఎలా పుట్టింది, ఎవరిని బతికించింది, ఎవరిని ముంచింది అన్నది చూద్దాం.

అంత దూరం ఎందుకంటే రెండు కారణాలు. అప్పు మన ఇంట్లో ఉన్నప్పుడు సిగ్గు పడతాం, తల దించుకుంటాం, తప్పంతా మనదే అనుకుంటాం. పరాయి దేశం రైతు అప్పును చూసేటప్పుడు ఆ సిగ్గు అడ్డం రాదు, లెక్క తేటగా కనబడుతుంది. రెండో కారణం, మన దేశంలో వడ్డీ చట్టాలూ, సహకార సొసైటీలూ అక్కడి అనుభవం నుంచి వచ్చినవే. ఆ సంగతి చివర్లో చెబుతాం.

మేం చెప్పదలచింది ఒక్కటే మాట. మనిషిని పేదవాణ్ని చేసేది అప్పు కాదు, అప్పు మీద పెట్టిన షరతు. ఆ షరతు ఎంత కఠినంగా ఉంటుందనేది మన చేతిలో తాకట్టు పెట్టడానికి ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది.

అప్పు లేని ఇల్లు లేదు

ఆ కాలం యూరప్‌లో అప్పు చేసేది బీదవాళ్లే అనుకుంటే పొరపాటు. రాజు అప్పు చేశాడు, జమీందారు అప్పు చేశాడు, వ్యాపారి అప్పు చేశాడు. నాణేలు చాలక రోజువారీ బేరాలు కూడా అరువు మీదే నడిచేవి. ఇంగ్లండు పల్లెలో రొట్టెలు చేసేవాడు, కమ్మరి, చెప్పులు కుట్టేవాడు అందరూ పద్దు రాసుకునేవాళ్లే. ఏడాదికి ఒకటి రెండు సార్లు కూర్చుని, నువ్విచ్చింది ఇంత, నేనిచ్చింది ఇంత అని తీసివేతలు చేసుకుని, మిగిలిన కొద్ది మొత్తానికే నాణేలు చేతులు మారేవి. చనిపోయినవాళ్ల ఆస్తుల జాబితాలు అక్కడి కోర్టుల్లో భద్రంగా ఉన్నాయి. వాటిల్లో ఒకే మనిషి నలుగురికి బాకీ ఉండడం, ఇంకో నలుగురి దగ్గర నుంచి రావలసి ఉండడం మామూలు సంగతి.

అప్పులిచ్చేవాళ్లు కూడా మనం అనుకునే షావుకార్లే కాదు. పిండిమర యజమాని, సారాయంగడివాడు, దస్తావేజులు రాసే నోటరీ, చర్చి ఫాదరీ, కాస్త కలిగిన రైతు, వీళ్లందరూ ఇచ్చేవాళ్లు. ఇంగ్లండు పల్లెల్లో భర్త పోయిన ఆడవాళ్లు, పెళ్లి కాని ఆడవాళ్లు తమకు దక్కిన నాలుగు రాళ్లు వడ్డీకి తిప్పుకుని బతికారు. కాబట్టి అప్పంటేనే పాపం అన్న మాట నిలబడదు. ఇరుగూ పొరుగూ నడిమి అప్పు ఊరిని కలిపి ఉంచింది కూడా. మరి ముంచింది ఏది?

గింజ లెక్క

దానికి ముందు పంట సంగతి చూడాలి. ఆ రోజుల్లో యూరప్‌లో చాలా చోట్ల ఒక బస్తా గోధుమ విత్తితే నాలుగైదు బస్తాలు పండేవి. బాగా పండిన నేలలో ఇంకాస్త ఎక్కువ. ఐదు పండాయనుకుందాం. అందులో ఒక బస్తా మళ్లీ విత్తనానికి తీసిపెట్టాలి. పండినదాంట్లో పదో వంతు దాకా చర్చికి. తర్వాత భూస్వామి కౌలు, ఆ పైన రాజు పన్ను. ఇవన్నీ పోగా మిగిలింది ఇంటిల్లిపాది ఏడాదంతా తినాలి.

ఇప్పుడు ఒక ఏడు వాన ఎక్కువై ఐదు బస్తాల చోట మూడే వచ్చాయనుకోండి. విత్తనం వంతు తగ్గదు. కౌలు తగ్గదు. పన్ను తగ్గదు. తగ్గేది తిండి ఒక్కటే. తిండి కోసం విత్తనం తినేస్తే వచ్చే ఏడు పొలం బీడు. తినకపోతే పిల్లలు పస్తు. అక్కడే అప్పు పుట్టింది. దుబారా వల్ల కాదు, తాగుడు వల్ల కాదు. ఒక్క చెడ్డ ఏడాదిని తట్టుకునే పొదుపు ఆ లెక్కలో ఎక్కడా మిగలదు.

చెడ్డ ఏళ్లు ఒంటరిగా కూడా రావు. ఇంగ్లండులో 1594 నుంచి 1597 దాకా వరుసగా నాలుగు పంటలు దెబ్బతిన్నాయి. ఫ్రాన్సులో 1693, 1694 సంవత్సరాల కరువులో, దాని వెంట వచ్చిన జబ్బుల్లో పది లక్షలకు పైగా మంది చనిపోయారు.

వడ్డీ అనే మాట లేని వడ్డీ

కాథలిక్ చర్చి వడ్డీని పాపమని నిషేధించింది. 1179లో జరిగిన లాటెరన్ మహాసభ, బాహాటంగా వడ్డీ వ్యాపారం చేసేవాడికి క్రైస్తవ ఖననం కూడా దక్కకూడదని తీర్మానించింది. మరి అప్పులాగిపోయాయా? ఆగలేదు. వడ్డీ అనే మాట కాగితం మీద నుంచి పోయింది, వడ్డీ మాత్రం పోలేదు.

మొదటి దారి ధాన్యం అప్పు. కోతకు ముందు, పాత గింజ అయిపోయి కొత్త గింజ రాని రోజుల్లో ధర ఆకాశంలో ఉండేది. కోతలయ్యాక పడిపోయేది. మనకు తెలిసిన లెక్కలో చెప్పుకుందాం. వేసవిలో బస్తా ధర 12 నాణేలు. రైతు ఒక బస్తా తెచ్చుకున్నాడు. "వడ్డీ ఏమీ వద్దు, 12 నాణేల విలువ గల గింజ కోతల్లో ఇస్తే చాలు" అన్నాడు ఇచ్చినవాడు. కోతల్లో ధర 8 నాణేలకు పడింది. ఇప్పుడు రైతు బస్తాన్నర కొలవాలి. కాగితం మీద వడ్డీ సున్నా. నిజానికి మూడు నెలల్లో సగానికి సగం. మన పెద్దవాళ్లు నాగుకు గింజలు తెచ్చుకున్న రోజులు గుర్తున్నవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు.

రెండో దారి షరతు అమ్మకం. రైతు పొలం "అమ్ముతాడు". ఇన్నేళ్లలోపు డబ్బు తిరిగిస్తే పొలం తిరిగి నీదే అని కాగితంలో ఉంటుంది. అందాకా పంట కొన్నవాడిది. చాలా చోట్ల అదే రైతు తన పొలాన్నే కౌలుకు దున్నేవాడు. గడువు దాటితే పొలం పోయినట్టే. పారిస్ చుట్టుపక్కల పల్లెల్లో చెడ్డ ఏళ్లలో ఇలాంటి అప్పుల వల్ల చాలా పొలాలు పట్నంలోని వ్యాపారుల చేతికి, కోర్టు ఉద్యోగుల చేతికి పోయాయి.

మూడోది కాస్త మెరుగైన దారి. స్పెయిన్‌లో సెన్సో అనేవాళ్లు. రైతు ఒక మొత్తం తీసుకుని, తన పొలం మీద ఏటా ఇంత కడతానని రాసిచ్చేవాడు. ఇచ్చినవాడు అసలు వెంటనే కట్టమని మెడ మీద కూర్చునే వీలు లేదు. రైతుకు చేతనైనప్పుడు అసలు కట్టి విడిపించుకోవచ్చు. ఏటా కట్టే మొత్తానికి రాజు హద్దు పెట్టాడు. కస్తీల్ రాజ్యంలో 1608లో అది నూటికి 5 అయింది, 1705లో నూటికి 3కి దిగింది. మన లెక్కలో చెప్పాలంటే పావలా వడ్డీ. వడ్డీ పాపమన్న చర్చికి చెందిన మఠాలే ఇలాంటి అప్పులు పెద్ద ఎత్తున ఇచ్చాయి.

ఇక్కడ ఒకటి గమనించాలి. పావలా వడ్డీకి అప్పు దొరికింది సొంత పొలం ఉన్నవాడికి. పొలం లేనివాడికి దొరికింది కోతల్లో బస్తాన్నర కట్టే అప్పు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, చేసేదీ ఒకే సేద్యం.

భూస్వామి పద్దు పుస్తకం

ఇటలీలో టస్కనీ ప్రాంతంలో సగపాలు సేద్యం ఎక్కువ. మనం కోరు అంటాం, పాలుకు చేయడం అంటాం. పంటలో సగం భూస్వామికి, సగం రైతుకు. చలికాలంలో గింజ అయిపోతే రైతు భూస్వామినే అడగాలి. ఎద్దు చచ్చిపోయినా, విత్తనం కావలసినా ఆయన్నే అడగాలి. ఇచ్చినదంతా ఆయన పుస్తకంలోకి ఎక్కుతుంది. పుస్తకం రాసేదీ ఆయన మనిషే. కోతల్లో తన సగంలోంచి రైతు తీర్చాలి. తీరనిది మరుసటి ఏటికి పోతుంది.

ఆ బాకీలు తరాల తరబడి నడిచిన కుటుంబాలున్నాయి. భూస్వామికి ఆ బాకీ పూర్తిగా వసూలు కావాలన్న తొందర కూడా ఉండేది కాదు. బాకీ ఉన్నంతకాలం రైతు ధర అడగడు, కొలత అడగడు, ఎదురు మాట్లాడడు. అంటే అప్పు డబ్బు సంపాదించే సాధనమే కాదు, మనిషిని లొంగదీసుకునే సాధనం కూడా. విత్తనం, ఎరువు, పురుగుమందు ఒకే కొట్లో అరువుకు తెచ్చుకుని, పంట కూడా ఆ కొట్టుకే తోలేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

వోబాన్ వేసిన లెక్క

ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ దగ్గర వోబాన్ అని ఒక పెద్ద సైనిక ఇంజనీరు ఉండేవాడు. కోటలు కట్టడంలో దిట్ట. ఆ పని మీద దేశమంతా తిరిగాడు, పల్లెలు చూశాడు. ముసలితనంలో, 1707లో, పన్నుల గురించి ఒక పుస్తకం అచ్చు వేశాడు. అందులో జనాన్ని పది వంతులు చేసి చెప్పాడు. ఒక వంతు బిచ్చమెత్తుకుంటున్నారు. ఐదు వంతులు బిచ్చం వేయగల స్థితిలో లేరు, తామే ఆ అంచున ఉన్నారు. మూడు వంతులు అప్పుల్లో, వ్యాజ్యాల్లో కూరుకుపోయి ఉన్నారు. నిజంగా సుఖంగా ఉన్నది మిగిలిన ఒక్క వంతే. ఆ పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించింది. వోబాన్ అదే ఏడు చనిపోయాడు.

ఆ మూడు వంతులను చూడండి. వీళ్లు బిచ్చగాళ్లు కారు. పొలం, ఇల్లు, పరువు ఉన్నవాళ్లే. అప్పు ఎవరికి పుడుతుందంటే, పోగొట్టుకోవడానికి ఇంకా ఏదో మిగిలినవాడికి. అదీ పోయాక ఐదు వంతుల్లోకి, ఆ తర్వాత బిచ్చమెత్తే వంతులోకి దిగుతాడు.

తాకట్టు కొట్లు, ధాన్యం కొట్లు

జనం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇటలీలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఒక ఉపాయం చేశారు. 1462లో పెరూజియా పట్టణంలో చందాలు పోగు చేసి, పేదలకు కుదువ మీద తక్కువకు అప్పులిచ్చే కొట్టు పెట్టారు. దాని పేరు మోంటే ది పియెతా. మోంటే అంటే కుప్ప, నిధి. కరుణ నిధి అనుకోవచ్చు. జనం కోటు, దుప్పటి, రాగి బిందె తెచ్చి పెట్టేవాళ్లు, డబ్బు తీసుకుపోయేవాళ్లు. జీతాలకు, అద్దెకు సరిపోయేంత, ఏడాదికి నూటికి 5 లేక 6 తీసుకునేవాళ్లు. అర్ధరూపాయి వడ్డీ అన్నమాట. అది కూడా పాపమే కదా అని పెద్ద గొడవైంది. 1515లో పోపు పదో లియో, ఖర్చుల కోసం తీసుకునేది పాపం కాదని తేల్చాడు.

ఈ కొట్లు ఇటలీ అంతా పాకాయి. సియెనాలో 1472లో పెట్టిన కొట్టుకు 1624లో మారెమ్మా ప్రాంతపు పచ్చిక బీళ్ల మీద వచ్చే ఆదాయాన్ని హామీగా పెట్టారు. అందుకే దాని పేరులో పచ్చిక అన్న మాట చేరింది. అది తర్వాత పెద్ద బ్యాంకైంది. 2017లో మునిగిపోతుంటే ఇటలీ ప్రభుత్వం ప్రజల డబ్బు పోసి నిలబెట్టింది. 1614లో ఆంస్టర్‌డాం నగరపాలక సంస్థ పెట్టిన తాకట్టు బ్యాంకు ఈ రోజుకీ నడుస్తోంది.

పట్నంలో బిందె కుదువ పెట్టొచ్చు. రైతుకు కావలసింది విత్తనం. అందుకని 15వ శతాబ్దం చివర్లో ఇటలీలోనే ధాన్యం కొట్లు మొదలయ్యాయి. విత్తే కాలంలో గింజలిస్తారు, కోతల్లో గింజలే తీసుకుంటారు. ఇచ్చేటప్పుడు కుంచం అంచుకు సమంగా కొట్టి ఇచ్చేవాళ్లు, తిరిగి తీసుకునేటప్పుడు పైకి గోపురంలా పోసి కొలిచేవాళ్లు. ఆ గోపురమే వడ్డీ. స్పెయిన్‌లో ఇలాంటి ఊరి గాదెలను పోసితో అనేవాళ్లు. వాటి నిర్వహణకు రాజు రెండో ఫిలిప్ 1584లో నిబంధనలు రాయించాడు.

ఇది గొప్ప ఏర్పాటు. గింజకు గింజ కొలిస్తే ధర ఆట ఆడే వీలు లేదు. బస్తాకు బస్తాన్నర అన్నమాటే రాదు. అయితే వీటికి రెండు జబ్బులు పట్టాయి. ఒకటి, తాళం చెవి ఊళ్లో పెద్ద కుటుంబాల చేతిలో ఉండేది. వాళ్లే పెద్ద మొత్తాలు తీసుకుని తిరిగి కట్టకుండా ఎగ్గొట్టారని, గాదెలు ఖాళీ అయ్యాయని ఫిర్యాదులు మళ్లీ మళ్లీ వచ్చాయి. రెండు, పూచీ ఇచ్చేవాడు లేని మనిషికి గాదె తలుపు తెరుచుకోలేదు. కరుణ పేరు పెట్టినా, కుదువ పెట్టడానికి బిందె కూడా లేనివాడికి కరుణ అందలేదు.

కోపాన్ని ఎటు మళ్లించారు

ఈ చరిత్రలో ఒక చీకటి పేజీ ఉంది. చెప్పకుండా దాటితే మన చదువు సగమే అవుతుంది.

ఇటలీ పట్టణాల్లో అప్పులిచ్చేవాళ్లలో యూదులు కొందరు. వాళ్లకు చాలా చోట్ల భూమి కొనే హక్కు లేదు, చేతివృత్తుల సంఘాల్లో చోటు లేదు. ఊళ్లో ఉండాలంటే వడ్డీ వ్యాపారం చేయాలని ఒప్పందం రాయించుకునేది పాలకులే, వాళ్ల దగ్గర పన్నులు గుంజేదీ పాలకులే. వెనిస్ నగరం 1516లో యూదులను ఒక వాడలో పెట్టి రాత్రిళ్లు తలుపులు వేసింది. తర్వాత 1573 నుంచి, పేదలకు నూటికి 5 లెక్కన అప్పులిచ్చే కొట్లు నడపాలని వాళ్ల మీదే షరతు పెట్టింది.

కరుణ కొట్ల కోసం ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసిన సన్యాసుల్లో బెర్నార్దీనో ద ఫెల్‌త్రే పేరు పెద్దది. పేదల కోసం ఆయన పడిన శ్రమ నిజం. యూదుల మీద ఆయన రెచ్చగొట్టిన ద్వేషమూ నిజం. 1475లో ట్రెంట్ పట్టణంలో ఆయన ప్రసంగాలు చేసిన రోజుల్లోనే ఒక పసివాడు చనిపోయాడు. ఆ నేరం యూదుల మీద మోపి, చిత్రహింసలు పెట్టి ఒప్పించి, చంపేశారు. ఆ పసివాడి పేరు మీద నడిచిన పూజను చర్చి 1965లో రద్దు చేసింది. దాదాపు ఐదు వందల ఏళ్లు పట్టింది.

యూదులను వెళ్లగొట్టిన ఊళ్లలో వడ్డీ పోయిందా? పోలేదు. నోటరీ ఉన్నాడు, మిల్లు యజమాని ఉన్నాడు, భూస్వామి ఉన్నాడు, మఠం ఉంది. షరతు మీద రావలసిన కోపాన్ని ఒక కులం మీదికో మతం మీదికో మళ్లిస్తే షరతు చెక్కు చెదరకుండా అక్కడే ఉంటుంది. అప్పు బాధలో ఉన్నవాడికి ఎవరైనా వచ్చి ఫలానావాళ్లే నీ శత్రువులని చెబితే, ముందు నోటు తీసి చదవమని అడగండి. వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, సంతకం ఎవరిది అని అడగండి.

చట్టం ఎవరికి 5, ఎవరికి 20

ఇంగ్లండు ఇంకో దారి పట్టింది. 1545లో ఎనిమిదో హెన్రీ కాలంలో నూటికి 10 దాకా వడ్డీని చట్టం ఒప్పుకుంది. 1552లో మళ్లీ మొత్తం నిషేధించారు. నిషేధం నిలవలేదు. 1571లో 10 శాతం హద్దు తిరిగి వచ్చింది. ఆ హద్దు 1624లో 8, 1651లో 6, 1714లో 5 శాతానికి దిగింది.

వినడానికి బాగుంది కదా. అప్పున్నవాళ్లందరికీ 5 శాతమేనా? కాదు. పొలం కాగితాలు తనఖా పెట్టగల జమీందారుకు ఆ వడ్డీకి డబ్బు దొరికింది. కూలి చేసుకునే ఇల్లాలు సోమవారం పొద్దున ఆదివారం కట్టిన గౌను తీసుకుని తాకట్టు కొట్టుకు పోయేది, శనివారం కూలి రాగానే విడిపించేది. ఆ కొట్లకు 1800లో చేసిన చట్టం నెలకు రెండున్నర షిల్లింగులకు అర పెన్నీ తీసుకోనిచ్చింది. ఏడాదికి లెక్క కడితే నూటికి 20. ఒకే దేశం, ఒకే పార్లమెంటు. జమీందారుకు 5, కూలి ఇంటి ఇల్లాలికి 20.

కట్టలేకపోతే జైలు. బాకీ ఉన్నవాణ్ని అప్పిచ్చినవాడు పట్టించి లోపల వేయించవచ్చు. లోపల తిండికీ, గదికీ ఖైదీయే కట్టుకోవాలి. లోపలుంటే సంపాదన లేదు, సంపాదన లేకపోతే బాకీ తీరదు, బాకీ తీరకపోతే విడుదల లేదు. 1729లో పార్లమెంటు కమిటీ లండన్‌లోని మార్షల్సీ జైలుకు పోయి చూస్తే, డబ్బులేని బాకీదార్లు ఆకలితో చస్తున్నారని తేలింది. ఈ జైలు పద్ధతి చాలా వరకు రద్దయింది 1869లో.

రైతులు అడిగింది

మరి రైతులు ఏమడిగారు? 1525లో జర్మనీలో రైతాంగం లేచింది. ఆ మార్చి నెలలో మెమ్మింగెన్ పట్టణంలో రైతుల ప్రతినిధులు కూర్చుని పన్నెండు కోర్కెలు రాశారు. వాటిలో ఎనిమిదో కోర్కెను మన సంఘం గోడ మీద రాసుకోవచ్చు. మేం దున్నే పొలాలు ఇంత కౌలును మోయలేవు, నిజాయితీ గల మనుషులు వచ్చి పొలాలు చూసి, న్యాయమైన కౌలు నిర్ణయించాలని దాని సారం. రైతు ఊరికే శ్రమ చేయకూడదు, పనివాడికి తన కూలి దక్కాలని దాని వెనకున్న మాట.

వాళ్లు కౌలు ఎగ్గొడతాం అనలేదు. పొలం వచ్చి చూడండి, పండేదెంతో చూసి లెక్క కట్టండి అన్నారు. రాజులూ ప్రభువులూ సైన్యాలను పంపారు. ఆ ఏడాది లక్ష మంది దాకా చచ్చిపోయారని చరిత్రకారుల అంచనా. ఐదు వందల ఏళ్లు గడిచినా ఆ కోర్కె పాతబడలేదు.

అక్కడి నుంచి మన దాకా

మొదట్లో చెప్పిన మాటకు వద్దాం. 1854లో ఇంగ్లండు వడ్డీ హద్దులన్నీ ఎత్తేసింది. మరుసటి ఏడే, 1855లో, కంపెనీ ప్రభుత్వం మన దేశంలోనూ వడ్డీ హద్దుల చట్టాలు రద్దు చేసింది. కాగితం మీద ఎంత రాసుకుంటే అంతే వడ్డీ. ఇరవై ఏళ్లకు, 1875లో, పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడి అప్పు పత్రాలు తగలబెట్టారు.

జర్మనీలో రైఫైజన్ అనే ఆయన 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో రైతుల పరపతి సంఘం పెట్టాడు. దాని కిటుకు ఒక్కటే. ఒక్కొక్కడి దగ్గర తాకట్టుకు ఏమీ లేకపోవచ్చు, ఊరంతా కలిసి ఒకరికొకరు పూచీ ఉంటే అదే తాకట్టు. నాలుగు వందల ఏళ్లుగా అన్ని కొట్లూ తడబడిన చోట దొరికిన జవాబు ఇది. మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని యూరప్ పరపతి సంఘాల మీద అధ్యయనం చేయమంది. 1895లో, 1897లో రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. ఊరి ఊరికీ రైఫైజన్ లాంటి మనిషి కావాలన్నది దాని సారం. ఆ దారిలోనే 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఉన్నాయి. మీ ఊరి సొసైటీ ఆఫీసు గోడల వెనక ఇంత కథ ఉంది.

ఇప్పుడు అదే సొసైటీకి కౌలు రైతు పోతే ఏమడుగుతున్నారు? పాసుపుస్తకం. తాకట్టు లేనివాడి కోసం పుట్టిన సంస్థ తాకట్టు అడుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. దాని చోట 2019లో వచ్చిన చట్టం కింద కార్డు కావాలంటే యజమాని ఒప్పుకోవాలి. ఎంతమంది యజమానులు సంతకం పెడుతున్నారో మీకు తెలుసు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు డబ్బు పట్టాదారుకు పోయింది, దున్నినవాడికి కాదు. రుణమాఫీ ఎప్పుడు వచ్చినా బ్యాంకు అప్పుకే. మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకున్నవాడికి అందులో పైసా లేదు. ఇంగ్లండు చట్టంలో జమీందారుకు 5, కూలి ఇల్లాలికి 20 అన్న లెక్కకూ దీనికీ తేడా ఏముంది?

మనం చేయాల్సింది

ఈ చరిత్ర నుంచి నాలుగు పనులు తేలుతున్నాయి.

ఒకటి. అప్పు పొలం కాగితం మీద కాదు, సాగు మీద ఇవ్వాలి. యజమాని సంతకంతో పని లేకుండా, గ్రామసభలో ఎవరు ఏ చేను దున్నుతున్నారో రాసి, దాని మీద కార్డు ఇవ్వాలి.

రెండు. గడువు పంటను బట్టి ఉండాలి. కోతల్లో ధర పడిపోయిన రోజే బాకీ కట్టాలంటే, అది బస్తాకు బస్తాన్నర కొలిచే పాత లెక్కే. ధర కోలుకునే దాకా గింజ నిలవ పెట్టుకోవడానికి గోదాము, దాని రసీదు మీద అప్పు కావాలి.

మూడు. మెమ్మింగెన్ రైతులు అడిగినట్టు, పొలం చూసి, పంట చూసి న్యాయమైన షరతు చెప్పే బెంచి మండలానికి ఒకటి ఉండాలి. తెలంగాణలో 2016 చట్టంతో రుణ విమోచన కమిషన్ ఏర్పాటుకు దారి పడింది. అలాంటిది రెండు రాష్ట్రాల్లోనూ రైతు గడప దాకా రావాలి, ప్రైవేటు అప్పులు కూడా వినాలి.

నాలుగు. ప్రభుత్వం చేసేదాకా ఆగకుండా మనం చేయగలిగినది ఒకటుంది. ఊరి విత్తన గాదె. గింజకు గింజ, పైన కొద్దిగా. తాళం చెవులు రెండు ఉండాలి, ఒకటి కౌలు రైతు చేతిలో ఉండాలి. ఎవరికి ఎంత ఇచ్చామో బోర్డు మీద అందరికీ కనబడేలా రాయాలి. స్పెయిన్ గాదెలు ఎలా ఖాళీ అయ్యాయో విన్నాం కదా.

వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ ఒక కాగితం రాసుకుని రావాలని కోరుతున్నాం. పేర్లు అక్కర్లేదు. ఊళ్లో సొంత పొలం ఉన్నవాళ్లకు అప్పు ఎంత వడ్డీకి దొరుకుతోంది, కౌలుకు చేసేవాళ్లకు ఎంతకు దొరుకుతోంది, కొట్టు అరువు మీద సరుకు ధరలో ఎంత కలుపుతున్నారు, గడువు ఏ నెలలో పెడుతున్నారు. ఈ నాలుగు అంకెలు చాలు. అన్ని ఊళ్ల అంకెలు ఒక్కచోట పేర్చి కలెక్టరు ముందు పెడదాం. దున్నేవాడు ఒకే రకం, వడ్డీ మాత్రం రెండు రకాలు ఎందుకుందో ఆయన్నే చెప్పమందాం.

 ప్రశ్నలు అడగండి, చర్చించుకుందాం.